ఫోను తెర నుంచి ప్రభుత్వ ఫైలు దాకా: ఇంటర్నెట్‌తో రాజకీయాల్లో పాలుపంచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

ఊరి రోడ్డు మీద గుంతల ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడితే పదిమంది బాధపడతారు, ఇద్దరు తిడతారు, సాయంత్రానికి దాని మీద పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చి పడతాయి. అదే రోడ్డుకు ఏ సంవత్సరంలో ఎంత మంజూరైంది, ఎంత చెల్లించారు అని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఒక అధికారి 30 రోజుల్లో జవాబు రాసి తీరాలి. రాయకపోతే ఆయన జీతంలోంచి జరిమానా కట్టాల్సి రావచ్చు. ఈ రెండో పనికి పట్టే సమయం కూడా గంటకు మించదు. అయినా మనలో చాలామంది మొదటి పనితోనే ఆగిపోతున్నాం.

పోస్టులు పెట్టవద్దని ఎవరూ అనరు. మనుషుల్ని కూడగట్టడానికి అంతకన్నా వేగమైన సాధనం లేదు. అయితే కోపం ఎవరి బల్ల మీదకు చేరాలో అక్కడికి చేరాలి. జవాబు చెప్పే బాధ్యత ఉన్న మనిషి, చట్టం పెట్టిన గడువు, మన చేతిలో రసీదు: ఈ మూడూ కుదిరినప్పుడే ప్రభుత్వం కదులుతుంది. ఆ మూడింటినీ కుదుర్చుకునే దారులను వరుసగా చెప్పుకుందాం.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

స్మార్ట్‌ఫోను చాలు. పౌర వ్యవహారాల కోసమే ఒక ప్రత్యేక ఈమెయిల్ ఖాతా తెరవండి. దీనికి గట్టి కారణం ఉంది. 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక చర్చాపత్రంపై అభిప్రాయాలు కోరితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చాయి. సంస్థ వాటిని పంపినవారి పేర్లు, ఈమెయిల్ చిరునామాలతో సహా తన వెబ్‌సైట్‌లో పెట్టేసింది. ప్రభుత్వానికి రాసిన ప్రతిదీ ఏదో ఒక రోజు బహిరంగం కావచ్చనే ఎరుకతోనే రాయాలి.

తర్వాత ఒక నోటుపుస్తకం. అందులో నాలుగు గడులు గీయండి: పంపిన తేదీ, ఎవరికి, దరఖాస్తు సంఖ్య, జవాబు రావాల్సిన తేదీ. నాలుగో గడి నింపని పుస్తకం ఎందుకూ పనికిరాదు. గడువు ఎప్పుడు దాటిందో గుర్తుంటేనే అప్పీలు గుర్తుంటుంది. దరఖాస్తు చేరినట్టు వెబ్‌సైట్ చూపించే ప్రతి తెరనూ స్క్రీన్‌షాట్ తీసి, తేదీతో పేరు పెట్టి దాచుకోండి.

మొదటి అడుగు: ఓటరు జాబితాలో పేరు

ఓటరు కార్డు జేబులో ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు, జాబితాలో పేరు ఉండాలి. పోలింగ్ రోజు ఉదయం కేంద్రం దగ్గర పేరు లేదని తెలిస్తే ఆ రోజు చేయగలిగింది ఏమీ ఉండదు. కాబట్టి ఎన్నికలు లేని కాలంలోనే, ఏడాదికి రెండుసార్లయినా, ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్‌లో మీ కార్డుపై ఉన్న ఎపిక్ నంబరుతో వెతకండి. ఇంట్లో పెద్దవాళ్ల పేర్లు, కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలి పేరు కూడా చూడండి.

కొత్తగా నమోదుకు ఫారం 6. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 ఏళ్లు నిండాలన్న ఒక్క తేదీయే ఉండేది. చట్ట సవరణ తర్వాత 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అనే నాలుగు తేదీలు వచ్చాయి. 17 ఏళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసి ఉంచవచ్చు. ఇల్లు మారినా, పేరులో తప్పు దిద్దాలన్నా ఫారం 8.

ఫారం 7 దగ్గర కాస్త ఆగాలి. అది జాబితాలోంచి ఒకరి పేరు తొలగించమని కోరే పత్రం. 2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో లక్షల సంఖ్యలో ఫారం 7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో వచ్చి పడ్డాయి. బతికి ఉండి, ఊళ్లోనే ఉన్నవారి పేర్ల మీద కూడా అవి వచ్చాయి, పోలీసు కేసులు నమోదయ్యాయి. అంటే మీకు తెలియకుండా మీ ఓటు మీద ఎవరో అభ్యంతరం పెట్టవచ్చు. పేరు పోయిందని తెలిస్తే వెంటనే బూత్ స్థాయి అధికారిని, ఓటరు హెల్ప్‌లైన్ 1950 నంబరును సంప్రదించి, ఫారం 6తో మళ్లీ దరఖాస్తు చేయండి. తొలగింపునకు కారణం, మీకు నోటీసు ఇచ్చారా లేదా అన్నది రాతపూర్వకంగా అడగండి.

ఆ కారణం చెప్పించుకునే హక్కు ఎంత విలువైనదో 2025లో బిహార్ చూపింది. ప్రత్యేక సమగ్ర సవరణ పేరుతో అక్కడ ముసాయిదా జాబితా నుంచి సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. ఆ పేర్లన్నీ కారణాలతో సహా, ఎపిక్ నంబరుతో వెతుక్కునేలా ఇంటర్నెట్‌లో పెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. పేరు ఎందుకు పోయిందో తెలిసిన మనిషే దాన్ని తిరిగి తెచ్చుకోగలడు.

విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోని తెలుగువారు ఫారం 6ఏతో తమ పాస్‌పోర్టు చిరునామా ఉన్న నియోజకవర్గంలో నమోదు చేసుకోవచ్చు. ఓటు వేయడానికి మాత్రం అసలు పాస్‌పోర్టుతో స్వయంగా ఆ పోలింగ్ కేంద్రానికి రావాలి. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవారికి ఓటు లేదు.

రెండో అడుగు: అడగాల్సింది ఎవరిని

తప్పు కార్యాలయానికి రాసిన మంచి ఉత్తరం వృథా. ఊరి లోపలి రోడ్లు, వీధి దీపాలు, మురుగు కాలువలు పంచాయతీవి. ఊరి నుంచి ఊరికి వెళ్లే రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. జిల్లా ప్రధాన రోడ్లు, రాష్ట్ర రహదారులు రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)వి. జాతీయ రహదారి కేంద్రం పరిధిలోది. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు చూసేది కేంద్ర ఎన్నికల సంఘం, పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు చూసేది రాష్ట్ర ఎన్నికల సంఘం. ఈ రెండూ వేర్వేరు సంస్థలని తెలియక ఫిర్యాదులు పోగొట్టుకునేవారు చాలామంది.

మూడో అడుగు: అభ్యర్థి అఫిడవిట్ చదవడం

అభ్యర్థుల కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఓటరుకు తెలియాలని సుప్రీంకోర్టు 2002లో తీర్పు ఇచ్చింది. అసోసియేషన్ ఫర్ డెమొక్రాటిక్ రిఫార్మ్స్ వేసిన కేసు అది. చట్టసభలు దాన్ని నీరుగార్చబోతే 2003లో కోర్టు మళ్లీ నిలబెట్టింది. ఆ పోరాటం ఫలితమే ఫారం 26 అఫిడవిట్. నామినేషన్ వేసిన ప్రతి అభ్యర్థిదీ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. కేసు వేసిన అసోసియేషన్ ఫర్ డెమొక్రాటిక్ రిఫార్మ్స్ నడిపే మైనేత వెబ్‌సైట్‌లో పాత ఎన్నికల వివరాలూ ఉంటాయి.

చదివే పద్ధతి ఒకటి చెబుతాను. మొత్తం ఆస్తి అంకె చూసి ఆశ్చర్యపడి వదిలేయకండి. ఒకే అభ్యర్థి 2019లో, 2024లో ఇచ్చిన రెండు అఫిడవిట్లనూ పక్కపక్కన తెరవండి. ఐదేళ్ల ఆదాయపు పన్ను లెక్కల్లో చూపిన ఆదాయం ఎంత, ఆస్తి పెరుగుదల ఎంత, కొత్త భూములు ఏ మండలంలో వచ్చాయి, అవి జీవిత భాగస్వామి పేరున ఉన్నాయా అని చూడండి. భూమి ధర పెరగడం వల్ల వచ్చిన తేడాను కొత్తగా కొన్న ఆస్తితో కలపవద్దు, అది అన్యాయం. కేసుల పట్టికలో సెక్షన్లు చదవండి. ధర్నాలో కూర్చున్నందుకు పెట్టిన కేసు వేరు, మోసానికో దాడికో పెట్టిన కేసు వేరు. ఎన్ని కేసులన్న లెక్క ఒక్కటే చూస్తే ఉద్యమకారుడూ నేరగాడూ ఒకేలా కనిపిస్తారు.

కేసులున్న వ్యక్తినే ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు తమ వెబ్‌సైట్‌లో, సామాజిక మాధ్యమాల్లో కారణాలతో ప్రకటించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రకటన వెతికి చదవండి. గెలిచే అవకాశం ఒక్కటే కారణంగా చూపకూడదని కూడా కోర్టు చెప్పింది. అటువంటి సాకు కనిపిస్తే ఆ పార్టీ స్థానిక నాయకుడిని బహిరంగంగా అడిగే హక్కు మీకుంది.

ప్రచార సమయంలో డబ్బు, మద్యం, చీరలు పంచుతుంటే ఎన్నికల సంఘం సీ-విజిల్ సేవ వాడండి. అక్కడికక్కడే తీసిన ఫొటో లేదా రెండు నిమిషాల వీడియోనే అది తీసుకుంటుంది, గ్యాలరీలో ఉన్నవి తీసుకోదు. స్థలం జీపీఎస్‌తో నమోదవుతుంది. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది లక్ష్యం. పేరు చెప్పకుండా పంపవచ్చు, అయితే అప్పుడు ఆ ఫిర్యాదు ఏమైందో తెలుసుకునే వీలుండదు. ఊళ్లో ప్రాణభయం ఉంటే పేరు చెప్పకపోవడమే మేలు.

నాలుగో అడుగు: ఊరి ఖాతా తెరిచి చూడటం

నా దృష్టిలో రాజకీయాలు మొదలయ్యేది ఇక్కడే. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆ సంవత్సరపు అభివృద్ధి ప్రణాళిక, అందిన నిధులు, చెల్లింపులు కనిపిస్తాయి. దీనికి లాగిన్ అక్కర్లేదు.

ముందు ప్రణాళిక చూడండి. అందులో రాసిన పనులు గ్రామసభలో విన్నవేనా? తర్వాత చెల్లింపులు. పని పేరు, సొమ్ము, తేదీ ఒక కాగితం మీదకు ఎక్కించి, ఆ పని జరిగిన చోటుకు నడిచి వెళ్లండి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన సాధారణ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలన్న షరతు ఉంది. నీళ్ల ట్యాంకు ఏళ్ల తరబడి కడగని ఊళ్లో ఆ పద్దు కింద సొమ్ము దేనికి పోయిందో అడగడానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. ఒక్కటి గుర్తుంచుకోండి: పోర్టల్‌లో తప్పుగా ఎక్కించిన పద్దులు ఉంటాయి. అంకె తేడా కనబడగానే దొంగతనం అని పోస్టు పెట్టకండి. ముందు పంచాయతీ కార్యదర్శిని అడగండి, తర్వాత కాగితాలు తెప్పించుకోండి.

ఐదో అడుగు: సమాచార హక్కు దరఖాస్తు

2005 అక్టోబర్ 12 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న ఈ చట్టం మన చేతిలో ఉన్న అతి పదునైన పనిముట్టు. కేంద్ర ప్రభుత్వ శాఖలకు ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో 10 రూపాయలు కట్టి పంపవచ్చు. ప్రశ్న రాసే గడిలో 3,000 అక్షరాలు పడతాయి. ఆ పోర్టల్‌లో రాష్ట్ర శాఖకు పంపితే దరఖాస్తు తిరిగి వస్తుంది, డబ్బు రాదు. పంచాయతీ, మండల, జిల్లా కార్యాలయాలకు నేరుగా ఇచ్చి రసీదు తీసుకోవడం, లేదా స్పీడ్ పోస్టులో పంపి, అందిన తేదీని తపాలా శాఖ వెబ్‌సైట్ నుంచి ముద్రించి దాచుకోవడం నమ్మకమైన దారి. రెండు తెలుగు రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్న పేదలు ఆ కార్డు నకలు జతచేస్తే దరఖాస్తు రుసుము ఉండదు.

దరఖాస్తు తెలుగులో రాయవచ్చు, అది చట్టంలోనే ఉంది. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు, అదీ చట్టంలోనే ఉంది. ఎవరైనా "నీకెందుకు?" అంటే సెక్షన్ 6(2) చూడమని మర్యాదగా చెప్పండి.

అసలు కిటుకు ప్రశ్న రాయడంలో ఉంది. "మా రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాస్తే, అది అభిప్రాయం అడిగినట్టని తిప్పి పంపుతారు. కారణం అడగవద్దు, కాగితం అడగండి. ఇలా రాయవచ్చు:

"మా గ్రామ పంచాయతీ పరిధిలో 2024-25 ఆర్థిక సంవత్సరంలో 15వ ఆర్థిక సంఘం నిధులతో చేపట్టిన పనులకు సంబంధించి ఈ కింది పత్రాల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు. 1. పనుల జాబితా, ప్రతి పని అంచనా పత్రం. 2. ఆ పనులను ఆమోదించిన పంచాయతీ తీర్మానాలు. 3. కొలతల పుస్తకంలో ఆ పనుల పేజీలు. 4. చెల్లింపు వోచర్లు. అలాగే సెక్షన్ 2(జె) ప్రకారం సంబంధిత ఫైళ్లను, పనులను స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలియజేయగలరు."

చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. నకళ్లలో కనిపించని విషయాలు ఫైలు తిరగేస్తే కనిపిస్తాయి. ఒక దరఖాస్తులో ఒకే విషయం అడగండి, ఒకే కాలం అడగండి. పదేళ్ల లెక్కలన్నీ ఒకేసారి అడిగితే, వెతకడానికి వనరులు సరిపోవన్న జవాబు రావడానికి మీరే దారి ఇచ్చినట్టు. దరఖాస్తు వేరే శాఖకు చెందినదైతే అధికారి ఐదు రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలి.

30 రోజులు దాటితే, లేదా జవాబు తృప్తిగా లేకపోతే, తర్వాతి 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. దీన్ని శ్రద్ధగా రాయండి: ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చింది, అది ఎందుకు సరిపోదు అని వరుసగా. చాలా పత్రాలు ఈ దశలోనే బయటికి వస్తాయి. గడువు దాటాక ఇచ్చే పత్రాలకు నకలు రుసుము తీసుకోకూడదు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా, తెలంగాణ కమిషన్‌లో కమిషనర్లే లేరు. హక్కు పుస్తకంలో ఉండి, అప్పీలు వినే కుర్చీ ఖాళీగా ఉండటం పౌరుడికి చేసిన అవమానం. ఆ కుర్చీలు నింపమని అడగడం కూడా ఓటర్లుగా మన పనే.

ఆరో అడుగు: చట్టం కాకముందే మాట చెప్పడం

చట్టం వచ్చాక ధర్నా చేసే మనం, ముసాయిదాగా ఉన్నప్పుడు దాన్ని చదవం. అప్పుడైతే ఒక్క పదం మార్పించడానికి ఒక్క ఈమెయిల్ చాలవచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2014 ఫిబ్రవరిలో ఒక విధానం ప్రకటించింది. దాని ప్రకారం కొత్త చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని కూడా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇది చట్టం కాదు కాబట్టి చాలాసార్లు పక్కన పెడతారు. పాటించిన సందర్భాలను మనం పట్టుకోవాలి. శాఖల వెబ్‌సైట్లలో, ప్రజాభిప్రాయాలు తీసుకునే కేంద్ర ప్రభుత్వ మైగవ్ వేదికలో, ప్రభుత్వ ప్రకటనలు వచ్చే ఈ-గెజిట్‌లో, పార్లమెంటు కమిటీలు పత్రికల్లో ఇచ్చే ప్రకటనల్లో ఇవి కనిపిస్తాయి. తెలంగాణలో ధరణి స్థానంలో కొత్త భూ చట్టం తెచ్చేముందు 2024 ఆగస్టులో ముసాయిదాను వెబ్‌సైట్‌లో పెట్టి సలహాలు కోరారు. అదే తర్వాత భూభారతి చట్టమైంది. రాష్ట్రాల జీవోల వెబ్‌సైట్లను కూడా అలవాటుగా చూడండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో ఆ వెబ్‌సైట్‌లో జీవోలు పెట్టడం ఆపేసి, ప్రభుత్వం మారాక 2024లో మళ్లీ మొదలుపెట్టింది. చూసేవారు ఉన్నప్పుడే ఇలాంటి తలుపు మూస్తే చప్పుడవుతుంది.

అభిప్రాయాలు రాసే తీరుకు ట్రాయ్ కథే పాఠం. 2015 మార్చి 27న ఆ సంస్థ 118 పేజీల, 20 ప్రశ్నల చర్చాపత్రం విడుదల చేసింది. ఇంటర్నెట్‌లో అన్ని సేవలనూ టెలికాం కంపెనీలు ఒకేలా చూడాలా, కొన్నింటికి వేరే ధర పెట్టవచ్చా అన్నది విషయం. కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పత్రాన్ని అందరికీ అర్థమయ్యేలా విడమరిచి, ఒక్కో ప్రశ్నకూ జవాబు రాసి, సేవ్ ద ఇంటర్నెట్ పేరుతో ప్రజల ముందు పెట్టారు. నెల తిరక్కుండానే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. అదే ఏడాది డిసెంబరులో వేర్వేరు ధరలపై మరో చర్చాపత్రం వచ్చినప్పుడు, ఫేస్‌బుక్ కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా చూపే తన ఫ్రీ బేసిక్స్ పథకానికి మద్దతుగా వినియోగదారుల చేత లక్షల కొద్దీ లేఖలు పంపించింది. అడిగిన ప్రశ్నలకు వాటిలో జవాబు లేదని, ఒకే మూసలో పథకాన్ని సమర్థించడం సంప్రదింపు కాదని ట్రాయ్ గట్టిగా చెప్పింది. 2016 ఫిబ్రవరి 8న వేర్వేరు ధరలను నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది. రెండు వైపులా లక్షల లేఖలు వెళ్లాయి. ప్రశ్నను ముట్టుకున్న వాదన నిలిచింది.

కాబట్టి మీరు రాసేటప్పుడు ముసాయిదా మొత్తం చదవలేకపోయినా నాలుగు చోట్లు తప్పక చదవండి: నిర్వచనాలు, శిక్షలు, "ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించవచ్చు" అని ఉన్న చోట్లు, అప్పీలు ఎవరికి వేయాలో చెప్పే సెక్షన్. పౌరుడికి దెబ్బ తగిలేది సాధారణంగా ఈ నాలుగింటిలోనే. తర్వాత మీ బతుక్కు తగిలే ఒకటి రెండు సెక్షన్లు ఎంచుకుని, సెక్షన్ సంఖ్య, అందులో ఉన్న మాట, దానివల్ల మీ ఊళ్లో జరిగేది, బదులుగా ఉండాల్సిన మాట, ఈ వరుసలో రాయండి. ఉదాహరణకు ఒక భూ ముసాయిదాలో అప్పీలు గడువు 30 రోజులని ఉందనుకుందాం. ఇలా రాయవచ్చు:

"ఈ సెక్షన్‌లో 30 రోజులు ఏ తేదీ నుంచి లెక్కించాలో లేదు. మా మండలంలో చాలామంది పట్టాదారులు గల్ఫ్ దేశాల్లో పని చేస్తున్నారు. ఉత్తర్వు వెలువడిన సంగతి వారికి నెల తర్వాత గానీ తెలియదు. 'ఉత్తర్వు నకలు అందిన తేదీ నుంచి 60 రోజుల్లోగా' అని మార్చాలని కోరుతున్నాను."

ఐదు వాక్యాలు కూడా లేవు. హైదరాబాద్‌లో కూర్చున్న అధికారికి తెలియని విషయం ఇందులో ఉంది. ఎవరో పంపిన మూస లేఖకు కింద సంతకం పెట్టి పంపే వంద ఈమెయిళ్ల కన్నా ఇది బరువైనది.

భాష గురించి వెనకాడకండి. ఏ ఫిర్యాదుకైనా పరిష్కారం కోరుతూ కేంద్ర, రాష్ట్ర అధికారులకు దేశంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణ ఇస్తోంది. 2020లో పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా లాక్‌డౌన్ నడుమ ఇంగ్లిష్, హిందీల్లోనే వచ్చింది. దాన్ని ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోకి అనువదించాలని, గడువును ఆగస్టు 11 దాకా పొడిగించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. లక్షల్లో అభ్యంతరాలు వెళ్లాయి. తెలుగు ప్రతి లేని ముసాయిదా కనిపిస్తే మీ మొదటి ఈమెయిల్ "తెలుగు ప్రతి ఇవ్వండి, ఆ తేదీ నుంచి గడువు లెక్కించండి" అన్నదే కావాలి.

మీ దగ్గర పరిశ్రమో గనో వస్తుంటే ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. దాన్ని కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్ నుంచి దించుకుని, మీ చెరువు, మీ బోర్ల లెక్క అందులో సరిగ్గా ఉందో లేదో చూడండి. సభలో మైకు దొరక్కపోయినా రాతపూర్వక అభ్యంతరం పంపవచ్చు, అది నివేదికలో చేరాలి.

ఏడో అడుగు: ఫిర్యాదు

కేంద్ర శాఖల మీద ఫిర్యాదులకు సీపీగ్రామ్స్ పోర్టల్ ఉంది. 2024 నుంచి పరిష్కార గడువు 21 రోజులు. తృప్తి లేకపోతే అక్కడే అప్పీలు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో మీకోసం పోర్టల్, సోమవారాల్లో కలెక్టరేట్ అర్జీల కార్యక్రమం, తెలంగాణలో ప్రజావాణి ఉన్నాయి. "పరిష్కరించబడింది" అని ఫోనుకు సందేశం వచ్చి, పని జరగకుండానే అర్జీ మూతపడటం అందరికీ అనుభవమే. అప్పుడు కొత్త అర్జీ పెట్టకండి. పాత సంఖ్యతో, ఆ రోజు తీసిన ఫొటోతో మళ్లీ తెరిపించండి. తర్వాత ఆ అర్జీపై తీసుకున్న చర్యల నివేదిక నకలు ఇవ్వమని సమాచార హక్కు కింద అడగండి.

ఆన్‌లైన్ సంతకాల పిటిషన్ల గురించి ఒక మాట. బ్రిటన్‌లో పార్లమెంటు పిటిషన్ల వెబ్‌సైట్‌లో పదివేల సంతకాలు వస్తే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. అక్కడ నివసిస్తున్న తెలుగువారూ సంతకం చేయవచ్చు. మన దేశంలో ప్రైవేటు వెబ్‌సైట్లలో చేసే సంతకాలకు అటువంటి బాధ్యత ఎవరి మీదా లేదు. మద్దతుదారుల జాబితాగా అవి పనికొస్తాయి, అంతవరకే.

ఎనిమిదో అడుగు: నలుగురిని కూడగట్టడం

2025 మార్చి చివర హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలైనప్పుడు విద్యార్థులు తీసిన వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా జోక్యం చేసుకుని పనులు ఆపించింది. ఆపించే ముందు సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్‌ను పంపి స్థలాన్ని పరిశీలింపజేసింది. యంత్రాలు, నేలకూలిన చెట్లు అక్కడ నిజంగానే ఉన్నాయి. అదే సమయంలో కృత్రిమ మేధతో తయారైన జింకల, నెమళ్ల బొమ్మలు కూడా ప్రచారమయ్యాయి. ప్రభుత్వం వాటిని చూపి ఉద్యమమంతా అబద్ధమని వాదించే ప్రయత్నం చేసింది, పంచుకున్నవారికి నోటీసులు వెళ్లాయి. నిజమైన వీడియో చేతిలో ఉండగా కల్పిత బొమ్మ పంచడం ఎదుటివారికి ఆయుధం అందించడమే.

అందువల్ల మీ గ్రూపులో ఒక నియమం పెట్టండి: ఫొటోకు తేదీ, స్థలం, తీసినవారు తెలియకపోతే పంచరాదు. అనుమానం వస్తే బొమ్మతో వెతికే సౌకర్యం వాడండి. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ నిజనిర్ధారణ కథనాలు ఇస్తుంది. అసలు ఫైలును కత్తిరించకుండా, కుదించకుండా దాచండి. కోర్టు దాకా వెళ్తే అదే అవసరం.

గ్రూపులో పని పంచుకోవడం కూడా ముఖ్యం. ఒకరు ముసాయిదాలు చూడాలి, ఒకరు దరఖాస్తుల పుస్తకం నడపాలి, ఒకరు విలేకరులతో మాట్లాడాలి. స్మార్ట్‌ఫోను లేని ఇళ్లకు వెళ్లి చదివి వినిపించే మనిషి ఒకరు ఉండి తీరాలి. ఊళ్లో ఎక్కువ నష్టపోయేవారు తరచుగా గ్రూపులో ఉండరు.

తొమ్మిదో అడుగు: చట్టం దగ్గర జాగ్రత్త

2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్టుకు ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. ఆ ఆగ్రహం నుంచే, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పెట్టడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ మీద కేసు పుట్టింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పుతో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పటికీ ఎవరైనా ఆ సెక్షన్ పేరు చెప్పి బెదిరిస్తే ఆ తీర్పు చూపండి. పరువునష్టం, వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం, తప్పుడు వార్తల వ్యాప్తికి సంబంధించిన సెక్షన్లు మాత్రం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉన్నాయి.

"సర్పంచి డబ్బు తిన్నాడు" అని రాయడం ఆరోపణ. "ఈ పనికి ఇంత చెల్లించినట్టు పోర్టల్‌లో ఉంది, అక్కడ పని కనిపించడం లేదు, ఇదిగో రెండింటి ఫొటోలు" అని రాయడం సాక్ష్యం. రెండోదానికే బలం ఎక్కువ, రక్షణ కూడా ఎక్కువ. కులం పేరు, కుటుంబం పేరు ఎత్తవద్దు. ఎవరి ఆధార్ నంబరు, ఫోను నంబరు, బ్యాంకు వివరాలు కనిపించే కాగితాన్నీ అలాగే పెట్టవద్దు, ఆ భాగం చెరిపి పెట్టండి. ప్రభుత్వ ఉద్యోగులకు ప్రవర్తనా నియమావళి ఉంటుంది, వారిని పోస్టుల కోసం ఒత్తిడి చేయవద్దు. సమాచార హక్కు దరఖాస్తుదారులపై దాడులు జరిగిన దేశం ఇది. ప్రమాదం ఉన్న విషయంలో ఒక్కరే అడగకుండా వేర్వేరు ఊళ్ల నుంచి పలువురు అదే పత్రాలు అడగండి.

పదో అడుగు: గ్రామసభలో నమోదు

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. తేదీ తెలియగానే ఈ-గ్రామ్‌స్వరాజ్ పేజీలు, సమాచార హక్కు కింద వచ్చిన నకళ్లు ముద్రించి తీసుకెళ్లండి. ప్రశ్నను ముందుగానే రాతపూర్వకంగా కార్యదర్శికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సభలో గట్టిగా చదవండి. జవాబు నోటితో చెప్పి ఊరుకోనివ్వకండి, ప్రశ్న, జవాబు రెండూ తీర్మానాల పుస్తకంలో రాయించండి, రాశాక పేజీని అక్కడే ఫొటో తీయండి. రాయడానికి ఒప్పుకోకపోతే ఆ రోజు తేదీతోనే మండల పరిషత్ అభివృద్ధి అధికారికి లేఖ పంపి, వారం తర్వాత ఆ సభ తీర్మానాల నకలు కోసం రుసుము లేని దరఖాస్తు ఒకటి పంచాయతీలో ఇవ్వండి.